పన్నెండు మైక్రాన్ల ఆలస్యం

మా లాబ్‌లో సూర్యుడికి స్విచ్ ఉంది. గోడ మీది ఎర్ర మీట నొక్కితే బల్ల మీద అరచేయంత మేర మిట్టమధ్యాహ్నం అవుతుంది. సోలార్ సెల్స్ చేసేవాళ్లం ఎక్కడున్నా ఆ కొలత వెలుగు కిందే లెక్కలు కట్టుకుంటాం. దాన్ని మేం ‘ఒక సూర్యుడు’ అంటాం. ఒక సూర్యుడి కింద నీ సెల్ ఎంతిచ్చింది అని అడుగుతాం, జవాబును బట్టి ఎదుటివాడికి కుర్చీ వెయ్యాలో వద్దో తేల్చుకుంటాం. ఇరవై ఏళ్లుగా నేను వేరే వెలుగు దేన్నీ నమ్మలేదు. నేను చేసిన వెధవ పనికి మొదలు అక్కడే ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు నళిని. వరంగల్‌లో ఒక యూనివర్సిటీలో భౌతికశాస్త్రం ప్రొఫెసర్ని. నాకు నోరెక్కువని మా విద్యార్థులు చాటున అనుకుంటారు. చాటునెందుకు, ఎదురుగా అన్నా తప్పులేదు.

నా పనంతా ఒక తెల్లటి పొర చుట్టూ తిరుగుతుంది. గోడలకు వేసే తెల్ల రంగులో కలిపే టైటానియం డయాక్సైడ్ పొడినే పేస్టు చేసి, గాజు పలక మీద పూసి, ఫర్నేస్‌లో కాలిస్తే స్పాంజి లాంటి పొర వస్తుంది. ఆ పొరను రంగులో నానబెడతాం. రంగు వెలుగును తాగి ఎలక్ట్రాన్లను పొరలోకి వదులుతుంది. అవి దారి వెతుక్కుంటూ అడుగుకు చేరితే కరెంటు. పొర పలచగా ఉంటే రంగు చాలదు. మరీ మందమైతే పెచ్చులుగా ఊడిపోతుంది. మధ్యలో ఎక్కడ ఆగాలన్నదే మా గొడవ. కొలవడానికి లక్షణమైన యంత్రాలున్నా, పూసేటప్పుడు మాత్రం ఇప్పటికీ సెల్లో టేపే గతి. పలకకు రెండంచులా టేపు అంటించి, మధ్యలో పేస్టు వేసి, గాజు కడ్డీతో ఒక్క లాగు లాగాలి. టేపు ఎత్తెంతో పొర ఎత్తంత. మా లెక్కలో ఒక టేపు అంటే కాల్చాక నాలుగు మైక్రాన్లు, మూడు టేపులంటే పన్నెండు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఆ కడ్డీ లాగడం నాకు నేర్పినవాడు సదానందం, మా డిపార్ట్‌మెంట్‌లో గాజు సామాన్లు చేసే గ్లాస్ బ్లోయర్. నేను ఎమ్మెస్సీలో చేరినప్పుడు ఆయనకు నలభై ఏళ్లుంటాయి. నా మొదటి పొర చూసి, “ఇదేంది చెల్లె, ఎద్దు నడిచిన పొలం లెక్కుంది” అన్నాడు. చెయ్యి పట్టుకుని లాగించాడు. “ఊపిరి బిగవట్టకు. చెయ్యి ఆగితే పొర ఆగుతది.” ఈ రోజుకీ కడ్డీ పట్టుకుంటే ఆ మాటే నా చెవిలో పడుతుంది. ఆయన చేసిన కడ్డీలే ఈ రోజుకీ వాడుతున్నాం.

యాభై దాటాక ఆయనకు ముందు రేచీకటి వచ్చింది. తర్వాత పగలు కూడా మసకబారింది. రిటైరయ్యేనాటికి ఆయన భార్య కనకలక్ష్మి వదిన చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చేది. కంటి వెనక వెలుగును పట్టే పొర చచ్చిపోయింది, దానికి మందు లేదు అన్నారు డాక్టర్లు. సన్మానం రోజు నేను దండ వేస్తే, ముఖం వేరే వైపు పెట్టి నవ్వాడు.

ఆ నవ్వు చూశాకే నాకు ఆ ఆలోచన వచ్చిందని పేపర్లవాళ్లకు చెప్పాను. అందులో కొంత నిజం ఉంది. వెలుగును పట్టి కరెంటు చేసే పొర నా దగ్గర ఉంది. వెలుగును పట్టే పొర ఆయన కంట్లో చచ్చిపోయింది. నా పొరను బియ్యపుగింజ అంత ముక్క చేసి ఆ కంట్లో పెడితే, ఆ కరెంటును కంటి నరం మెదడుకు మోస్తే? కంట్లో ఉండే నీటితోనే పనిచేసే రంగు ఒకటి కావలసి వచ్చింది. దాన్ని పట్టుకున్నది నేను కాదు, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఫర్హానా. నాలుగేళ్లు పట్టింది. పేరు మాత్రం నాది ముందు పడింది.

మిగిలింది మందం. ఒక టేపు పొర అయితే చూపు గుడ్డిగా ఉంటుంది. కిటికీ ఎక్కడుందో, మనిషి నిలబడ్డాడో కూర్చున్నాడో తెలుస్తుంది, అంతే. మూడు టేపులైతే ముఖాలు తెలుస్తాయి. నాలుగు వేస్తే పెచ్చులు. ఒక సూర్యుడి కింద గీసిన మా గ్రాఫ్ పన్నెండు మైక్రాన్ల దగ్గర ముచ్చటగా శిఖరమెక్కి దిగింది. అలాంటి గ్రాఫ్ కోసం మా వాళ్లు జీవితాలు ధారపోస్తారు.

ఫర్హానా ఇచ్చిన రిపోర్టులో ఒక పేజీ మాత్రం నాకు చికాకు తెప్పించింది. మా సూర్యుడి లాంప్‌ను పదివేలో వంతుకు తగ్గించి, అంటే మునిమాపు వేళ ఇంట్లో ఉండేంత వెలుగులో, పొర ఎంత సేపటికి జవాబిస్తుందో కొలిచింది ఆ పిల్ల. పన్నెండు మైక్రాన్ల పొర ముప్పావు సెకను తీసుకుంటోంది.

“ఇదెవరడిగారు నిన్ను?” అన్నాను.

“ఎవరూ అడగలేదు మేడం. కన్ను కదా అని...”

“ఒక సూర్యుడి కింద కొలవని అంకె అంకె కాదమ్మా. ఇది పెడితే ఆపరేషన్లకు అనుమతిచ్చే కమిటీవాళ్లు దీన్నే పట్టుకుని ఆరు నెలలు తిప్పుతారు. తీసెయ్.”

“తీసేమంటే తీస్తాను మేడం. కానీ లెక్క తప్పు కాదు” అంది.

“నేను తప్పన్నానా? అక్కర్లేదన్నాను.”

తీసేసింది. ఆ రోజు నాకు సిగ్గనిపించలేదు. చక్కబెట్టానని ఇంటికెళ్లి సుఖంగా నిద్రపోయాను.

డిసెంబరులో సదానందం కుడి కంట్లో మా పొర పెట్టారు. మొదటి మనిషి ఆయనే. కట్టు విప్పిన గదిలో వెలుగు దండిగా ఉంది. ముందు డాక్టరు తెల్లకోటు చూశాడు. తర్వాత వదిన వైపు తిరిగాడు.

“ముసల్దానివైనవ్ గదనే” అన్నాడు.

“నువ్వేమో పడుసోనివి” అని వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

వాళ్ల కూతురు రజిత, ఐదేళ్ల మనవరాలు మన్విత అక్కడే ఉన్నారు. మన్విత ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు. “దగ్గరికి రా బిడ్డా, ఎవరి పోలికొచ్చినవో చూస్త” అని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, “అయ్యో, నా ముక్కే వచ్చింది పాపం” అన్నాడు. గదిలో అందరం నవ్వాం, ఏడ్చాం. చుక్కలు చుక్కలుగా, రంగుల్లేకుండా, పాత టీవీలో బొమ్మలా కనిపిస్తోందన్నాడు. నా వైపు తిరిగి, “నీ జుట్టు సగం తెల్లవడ్డది చెల్లె, ఎవలూ చెప్పలేదు నాకు” అన్నాడు. నా బతుకులో అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు.

జనవరిలో ఒక పొద్దున రజిత ఫోన్ చేసింది. “మేడం, మా బాపు పిల్లను కాల్చిండు” అంది. గొంతులో తడి లేదు.

కాజీపేటలో వాళ్లింటికి వెళ్లేసరికి మన్విత మంచం మీద పడుకుని ఉంది. ఎడమ మోచేతి కింద నుంచి మణికట్టు దాకా కట్టు. సదానందం వరండాలో కింద కూర్చుని ఉన్నాడు. చూపొచ్చాక ఆయన పాత చిన్న బర్నర్‌ను మళ్లీ తీసి, వరండాలో పెట్టుకుని గాజు బొమ్మలు చేస్తున్నాడు. మనవరాలు చేప కావాలని అడిగింది. దీపాలు పెట్టే వేళ, కరెంటు పోయింది. ఇంకొక్క తోకే కదా అని ఆయన ఆపలేదు.

“మంట నా ముందట మంచిగ కనవడ్డది” అన్నాడు. “పిల్ల ఎడమ దిక్కు ఉండె. కండ్లార జూసిన చెల్లె. అందుకనే కడ్డీని కుడి దిక్కు తీసిన. తీసేసరికి పిల్ల చెయ్యి ఆడ్నే ఉన్నది. ఎట్లొచ్చిందో నాకు సమజైతలేదు.”

“కల్లు తాగి కూసున్నడు, అందుకే” అంది రజిత లోపలి నుంచి.

“తాగలె. నీ తోడు, తాగలె.”

“మరి పిల్ల మాయమై వచ్చిందా?”

ఆ మాటలు వింటూ కుర్చీలో కూర్చున్న నాకు సంగతి అర్థమైంది. మంట వెలుగెక్కువ. దాని జాడ అప్పటికప్పుడు కంట్లో పడుతుంది. చీకట్లో నిలబడ్డ పిల్ల జాడ ముప్పావు సెకను ఆగి పడుతుంది. ఒకే చూపులో మంట ఇప్పటిది, పిల్ల ఇందాకటిది. ఆయన పిల్లను చూసిన చోట పిల్ల లేదు. నేను తీసెయ్యమన్న పేజీ మొత్తం నా కళ్ల ముందు నిలబడింది.

సదానందం నా ముఖంలోకి చూస్తున్నాడు. “నా కన్ను అబద్ధం చెప్తదా చెల్లె? నువ్వు పెట్టినవ్ గదా, నీకెర్కుంటది.”

అప్పుడు చెప్పాల్సింది. ఆ ఒక్క క్షణం నాకు దొరికింది. నేను గొంతు సవరించుకుని, “కన్ను అబద్ధమేం చెబుతుందన్నా. కొత్త చూపు కదా, అలవాటు కావడానికి టైం పడుతుంది. నువ్వే కాస్త పరధ్యానంగా ఉన్నావేమో” అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. “అయ్యుంటది” అన్నాడు.

ఈ కథ రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆ ‘అయ్యుంటది’ దగ్గర నా చెయ్యి ఆగిపోతోంది. నేను అన్నాను కాబట్టి ఆయన నమ్మాడు. తన కళ్లతో చూసినదాన్ని కాదనుకుని నా మాట నమ్మాడు.

లాబ్‌కు వచ్చి ఫర్హానాకు జరిగింది చెప్పాను. ఆ పిల్ల రెండు రోజులు కూర్చుని, మా పొర ముక్కనొకటి కెమెరాలో బిగించి, దాన్నుంచి వచ్చేదాన్ని కళ్లజోడు లోపలి చిన్న తెర మీద చూసేలా తయారు చేసింది. మూడో రోజు సాయంత్రం కిటికీ పరదాలు సగం దించి, బల్ల మీద స్పిరిట్ దీపం వెలిగించింది. నాకు కళ్లజోడు పెట్టి, చేతికి ఎర్ర స్కెచ్ పెన్ను ఇచ్చింది.

“ఇది వేడి కడ్డీ అనుకోండి మేడం. దీపం మీంచి తీసి, నా చెయ్యి లేని వైపు పెట్టండి. అంతే.”

దీపం కనిపించింది. దాని మంట రెపరెపలాడటం కూడా కనిపించింది. ఫర్హానా చెయ్యి ఎడమ పక్కన మసగ్గా ఉంది. నేను పెన్ను కుడికి తీశాను. మెత్తగా తగిలింది. మళ్లీ చేశాం. ఈసారి చెయ్యి కుడి పక్కన కనిపించింది, నేను ఎడమకు తీశాను. మళ్లీ తగిలింది. చెయ్యి కదులుతున్నట్టే లేదు నాకు, ఎక్కడుందో అక్కడే నిలకడగా ఉన్నట్టుంది. పదిసార్లయ్యాక కళ్లజోడు తీశాను. ఫర్హానా తన చెయ్యి దీపం దగ్గర పెట్టి చూపించింది. మోచెయ్యి కింద నుంచి మణికట్టు దాకా ఏడు ఎర్ర గీతలు.

“పొరలో గుంటలుంటాయి కదా మేడం” అంది నెమ్మదిగా. “పగలు ఎలక్ట్రాన్లు గుంపుగా వస్తాయి. ముందొచ్చినవి గుంటల్లో పడి పూడ్చేస్తే, వెనకొచ్చేవి వాటి మీంచి నడిచిపోతాయి. చీకట్లో వచ్చేవి నాలుగే. ప్రతీది ప్రతీ గుంటలో పడాలి, లేవాలి. మందం మూడింతలైతే ఆలస్యం తొమ్మిదింతలు.” అంటే ఒక టేపు పొరకు ఆలస్యం సెకనులో పన్నెండో వంతు. లెక్క లేనట్టే.

“నాకు తెలుసమ్మా ఆ లెక్క” అన్నాను.

“తెలుసని నాకూ తెలుసు మేడం.”

ఒళ్లు మండింది. మండాల్సింది నా మీద, మండింది ఆ పిల్ల మీద. “ఇప్పుడే ఎవరికీ చెప్పకు. వచ్చే నెల కమిటీ ఉంది. ఇరవై రెండు మంది చూపు కోసం ఎదురుచూస్తున్నారు. ఇప్పుడీ మాట బయటపడితే అంతా ఆగిపోతుంది. మెల్లగా సరిచేద్దాం” అన్నాను. ఇరవై రెండు మంది పేరు చెప్పి నన్ను నేను దాచుకుంటున్నానని ఆ పిల్లకు తెలుసు. ఆ రోజు నుంచి ఫర్హానా నాతో పని మాటలు తప్ప వేరే మాట మాట్లాడలేదు. టీకి పిలిస్తే ఉపవాసమంది. అది రంజాన్ నెల కాదు.

కమిటీవాళ్లు ఇంకా కాగితాలు కావాలని మేకి వాయిదా వేశారు. నాకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది. సరిచేద్దాం అన్నాను కదా, ఏం సరిచేశాను? రెండు టేపులు వేసి చూశాను. పొడి మార్చి చూశాను. ఆలస్యం తగ్గితే ముఖాలు పోతున్నాయి. ముఖాలు ఉంటే ఆలస్యం ఉంటోంది. ముఖాలు లేని గ్రాఫ్‌ను ఎవరు చూస్తారు? ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ఎవరైనా సదానందం ఎలా ఉన్నాడని అడిగితే నీళ్లు నమిలేదాన్ని.

ఎలా ఉన్నాడో చూడ్డానికి మే మొదటి వారం దాకా వెళ్లలేదు. హాస్పిటల్‌వాళ్ల పరిశీలన ఫారం నింపించాలి కాబట్టి వెళ్లాను. అప్పుడూ నా పని మీదే వెళ్లానన్నమాట.

వరండాలో బర్నర్ లేదు. అమ్మేశావా అన్నాను. “చెరువుల పడేసిన” అన్నాడు. రజిత ఆ వేళ తన ఇంటి నుంచి తల్లిని చూడ్డానికి వచ్చి ఉంది. నాలుగు నెలల్లో రెండోసారి రావడమట. మన్వితను గడప దగ్గరే కూర్చోబెట్టుకుంది. పిల్ల తాత వైపు చూస్తోంది, తల్లి వైపు చూస్తోంది. సదానందం గోడకు ఆనుకుని కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. వదిన టీ ఇస్తే, పిల్ల ఉందని, గ్లాసు అందుకోలేదు. “ఆడ వెట్టు” అన్నాడు. పిల్ల వెళ్లిపోయిందాకా టీ తాగలేదు. అది చల్లారి మీగడ కట్టింది.

ఫారంలో ఒక గడి ఉంది: చికిత్స తర్వాత ఏదైనా ప్రమాదం జరిగిందా, కారణం. నేను ఆ గడి దగ్గర పెన్ను ఆపి తటపటాయిస్తుంటే, ఆయనే ఫారం లాక్కుని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, వంకర అక్షరాలతో మెల్లగా రాశాడు. ‘సదానందం అజాగ్రత్త వల్ల మనుమరాలికి కాలింది.’ కింద సంతకం చేశాడు.

“ఇట్లెందుకు రాశావన్నా?” అన్నాను.

“నీ పరికరానికి మాట రావొద్దు గద చెల్లె. నా అసొంటోల్లు ఇంకా ఇరవై మంది ఉన్నరంటివి. నా ఒక్కని తోని ఆగొద్దు.”

బయటికొచ్చి కారులో కూర్చున్నాను. ఆయన నన్ను కాపాడుతున్నాడు. నేను చేసిన నేరాన్ని తన చేత్తో తన మీద రాసుకుని నన్ను కాపాడుతున్నాడు, నేను ఆ కాగితం సంచిలో పెట్టుకుని బయల్దేరాను. ఛీ, అనుకున్నాను. పైకే అన్నాను. పక్కన కూరగాయల బండివాడు తిరిగి చూశాడు.

ఆదివారం పగలు పదకొండింటికి మళ్లీ వెళ్లాను. రజితను కూడా రమ్మని ముందే ఫోన్ చేశాను. ఎందుకని అడిగితే, వచ్చాక చెబుతానన్నాను. దారిలో మాటలు కూర్చుకున్నాను. ‘ఈ మధ్య పరీక్షల్లో మాకు ఒక విషయం తెలిసింది’ అని మొదలుపెడితే సరిపోతుంది. అందులో అబద్ధం పెద్దగా కనిపించదు. ‘ఈ మధ్య’ అన్న మాటకు ఎవరూ తేదీ అడగరు.

నలుగురూ కూర్చున్నారు. మన్విత తల్లి ఒళ్లో ఉంది. కట్టు ఎప్పుడో తీసేశారు. చేతి మీద గులాబి రంగు మచ్చ మెరుస్తోంది.

“అన్నా” అన్నాను. “నీ కంట్లో నేను పెట్టిన పొర మందం ఎక్కువైంది. వెలుగు బాగా ఉన్నప్పుడు సరిగానే చూపిస్తుంది. మసక చీకట్లో మాత్రం ముప్పావు సెకను ఆలస్యంగా చూపిస్తుంది. మంటను అప్పుడే చూపించింది, పిల్లను ఆగి చూపించింది. నువ్వు చూసినప్పుడు మన్విత ఎడమ పక్కనే ఉన్నట్టు కనిపించింది. అప్పటికే కుడి పక్కకు వచ్చేసింది. నువ్వు పరధ్యానంగా లేవు. తాగి లేవు. నీ తప్పేం లేదు.”

సదానందం, “అయితే నేను జూసింది నిజమేనా?” అన్నాడు.

“నిజమే. ముప్పావు సెకను కిందటి నిజం.”

“విన్నవా” అన్నాడు వదినతో. “విన్నవా, నేను జూసిన. నేను చెప్పిన గదా జూసిన్నని.” ఆయన ముఖం మీద సంతోషం వచ్చింది. కోపం కాదు, సంతోషం. తిట్టి ఉంటే భరించేదాన్నేమో. ఆ సంతోషం చూసి నేను తల ఎత్తుకోలేకపోయాను.

రజిత మాత్రం నన్నే చూస్తోంది. కుట్టుమిషన్ మీద బతికే మనిషి, కొలతల దగ్గర మోసం పసిగడుతుంది. “నీకెప్పుడు తెలిసింది మేడం?” అంది.

కూర్చుకున్న మాట నాలుక మీదే ఉంది. ‘ఈ మధ్య’. చెబితే అయిపోతుంది. ఫర్హానా నోరు విప్పదు. నేను సదానందం చేతుల వైపు చూశాను. ఇంకా తొడల కిందే ఉన్నాయి.

“జనవరిలో” అన్నాను. “మీ నాన్న జరిగింది చెబుతుంటే, ఈ కుర్చీలోనే కూర్చుని, అప్పుడే అర్థమైంది. మూడు రోజులకు లాబ్‌లో ఖాయమైంది. అసలు ఆపరేషన్‌కు ముందే మా లాబ్ పిల్ల ఒకతి కొలిచి చెప్పింది. నేనే ఆ కాగితం తీసేయించాను.”

“నాలుగు నెల్లు” అంది రజిత. “నాలుగు నెల్లు మా బాపును నేను కుక్కను జూసినట్టు జూసిన. పిల్లను దగ్గరికి పోనియ్యలె. నువ్వు ఎర్కుండి, మొన్న గూడ వచ్చి, చాయ్ తాగి పోయినవ్.”

“అవును” అన్నాను.

సంచిలోంచి ఫారం తీసి, “ఇది నేను పంపనన్నా” అని చింపబోయాను. సదానందం చెయ్యి చాపి ఆపాడు. తొడ కింది నుంచి చెయ్యి తీయడం ఆ రోజు నేను చూసింది అదే మొదలు.

“చింపకు. అండ్లనే రాయి” అన్నాడు. సంతోషం పోయింది ముఖంలోంచి. “నా పేరు కొట్టేసి నీ పేరు రాయి. ఎప్పుడు ఎర్కైందో గది గూడ రాయి.”

ఆయన సంతకం పక్కన నా పేరు రాశాను. నళిని, ప్రొఫెసర్. తెలిసిన తేదీ, జనవరి పందొమ్మిది. చెయ్యి ఆగకుండా రాయాలనుకున్నాను, తేదీ దగ్గర ఆగింది. పరీక్షల్లో దొంగ చీటీతో పట్టుబడ్డ పిల్లలతో ఇలాగే రాయించుకుంటాం.

మర్నాడు ఆ కాగితాన్ని, దానితోపాటు ఫర్హానా కొలిచిన పేజీని కమిటీకి పంపాను. ఇరవై రెండు మంది ఆపరేషన్లు ఆగిపోయాయి. ఒకావిడ ఫోన్ చేసి, ఆలస్యమైతే ఏముందమ్మా, అసలు లేనిదానికన్నా నయం కదా అని ఏడ్చింది. యూనివర్సిటీవాళ్లు విచారణ వేశారు. ఇంకా నడుస్తోంది. ఫర్హానా వేరే గైడ్ దగ్గరికి మారతానంటే సంతకం పెట్టాను. వెళ్తూ వెళ్తూ, “ఇప్పుడైనా పంపారు మేడం” అంది. మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియలేదు. అడిగే ముఖం లేదు.

సదానందంతో డాక్టరు మాట్లాడాడు. రెండు దారులున్నాయన్నాడు. ఈ పొరే ఉంచుకుని చీకటి పడ్డాక కన్ను మూసుకుని కూర్చోవచ్చు. లేదా దీన్ని తీసి ఒక టేపు పొర పెట్టించుకోవచ్చు. ఆలస్యం ఉండదు, కానీ ముఖాలు పోతాయి. మనిషి ఆకారం మిగులుతుంది.

“సన్నదే పెట్టు” అన్నాడు సదానందం, ఆలోచించకుండా.

“మల్ల మొకాలు కనవడయి” అంది వదిన.

“పిల్ల పొద్దుగూకితేనే గదనే నా దగ్గరికొచ్చేది, బడి నుంచి. మొకం కనవడకున్నా మంచిదే. ఎక్కడున్నదో కరెక్టుగ కనవడాలె.”

ఆపరేషన్ జూన్ మొదటి వారం. రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్నాయి. ముందు రోజు మిట్టమధ్యాహ్నం నేను వాళ్లింటికి వెళ్లాను. హాస్పిటల్‌కు తీసుకుపోవాల్సింది డాక్టరు మనుషులే, నా అవసరం లేదు. అయినా వెళ్లాను.

ఇంటి ముందు నడి వాకిట్లో, నీడ లేని చోట, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. వెలుగు ఎంత ఎక్కువుంటే ముఖం అంత తేటగా కనిపిస్తుందని ఆయనకు అలవాటైపోయింది కదా. “ఈ ఎండల కూసుంటే రేపు ఆపరేషన్ నీకు కాదు, మాకు చెయ్యాలె” అని వదిన గొణుగుతోంది, అయినా కదలకుండా కూర్చుంది. ఆయన మోకాళ్లు తగిలేంత దగ్గరగా కుర్చీ జరుపుకుని ఆమె ముఖంలోకి చూశాడు. నుదురు చూశాడు, చెంపలు చూశాడు, మెడ చూశాడు. తర్వాత రజిత. ఆమె కళ్లు దించుకుంటే, “లేపు తల” అన్నాడు. తర్వాత మన్వితను ఒళ్లో కూర్చోబెట్టుకుని, కాలిన చెయ్యి తీసుకుని, మచ్చ మొదటి నుంచి చివరి దాకా వేలితో తడిమి, ఆ తర్వాత ముఖం చూడ్డం మొదలుపెట్టాడు. పిల్ల చెమటలు కారుతున్నా నవ్వుతూనే ఉంది. ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను.

నేను గేటు దగ్గర, ఎండలోనే నిలబడ్డాను. నేను వచ్చినట్టు ఆయనకు తెలుసు. గేటు చప్పుడుకు ఇటు తిరిగాడు, అంత వెలుగులో ఆయన కంటికి ఆలస్యం లేదు. పిలుస్తాడేమోనని చూశాను. నా ముఖం కూడా రేపటితో పోతుంది కదా, ఇరవై రెండేళ్లుగా ఎరిగిన ముఖం. రజిత ఒకసారి నా వైపు చూసి, తండ్రి వైపు చూసింది. ఆయన మనవరాలి జుట్టు వెనక్కి సర్దుతున్నాడు. నేను ఇంకాసేపు నిలబడి, గేటు మెల్లగా వేసి వచ్చేశాను.